అడ్డా మీది ప్రశ్నకు ఏ పట్టా కావాలి?

చదువు – సందేహం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, ఒకే విషయాన్ని అడిగాయి. కూలి, ఉద్యోగం, వేతనం వంటి వాటిని రాజకీయ అర్థశాస్త్రం వైపు నుంచి పరిశోధించేవారు ఏం చదువుకొని ఉంటారు, ఏం చదువుకొని ఉండాలి అన్నదే ఆ విషయం. మిగిలిన ఉత్తరాలను వచ్చే నెలకు ఆపి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: నేను బి.ఎ. చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇటీవల మా కాలేజీ సదస్సులో ఒక వక్తను 'రాజకీయ అర్థశాస్త్రంలో పిహెచ్.డి. చేస్తున్న పరిశోధకురాలు, లేబర్ మార్కెట్లు ఆమె అంశం' అని పరిచయం చేశారు. ఆమె డిగ్రీలో చరిత్ర, పీజీలో డెవలప్‌మెంట్ స్టడీస్ చదివారట. అర్థశాస్త్ర పరిశోధనకు ఆ చదువు ఎలా సరిపోయింది? అసలు ఈ దారిలో వెళ్ళాలంటే ఏ డిగ్రీలు ఉండాలి? – ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఎలా సరిపోయిందో తెలియాలంటే ముందు ఆమె పరిశోధించే వస్తువు ఏమిటో చూడాలి. లేబర్ మార్కెట్ అనగానే పాఠ్యపుస్తకంలోని గిరాకీ, సరఫరా గీతలు గుర్తుకొస్తాయి గాని, దాన్ని కళ్ళారా చూడాలంటే పొద్దున్నే మీ ఊళ్ళో కూలీల అడ్డా దగ్గర కాసేపు నిలబడితే చాలు. మేస్త్రీ బండి దిగుతాడు, పదిమంది చుట్టూ మూగుతారు, రెండు నిమిషాల్లో బేరం తెగుతుంది. ఆ రెండు నిమిషాల్లో మగకూలీకి ఒక రేటు, అదే ఇటుక మోసే ఆడకూలీకి అంతకన్నా తక్కువ రేటు ఎందుకు పలికాయో చెప్పమంటే, గీతలు కొంతదూరం తోడొచ్చి ఆగిపోతాయి. మన దేశంలో 1948లోనే కనీస వేతనాల చట్టం వచ్చినా ఆ బేరంలో దాని ఊసు ఎందుకు రాలేదన్నది న్యాయశాస్త్రం చదివినవారికి తట్టే ప్రశ్న. ఏ కులంవారు ఏ పనికి నిలబడతారు, ఏ ఊరివారు ఏ మేస్త్రీ వెంట పోతారు అన్నది సామాజిక శాస్త్రం చదివినవారికి తడుతుంది. ఈ అడ్డా ఏ కరువు తరువాత, ఏ ప్రాజెక్టు పనుల నాటి నుంచి ఇక్కడ వెలిసిందన్నది చరిత్ర విద్యార్థి అడుగుతాడు. ఈ ప్రశ్నలన్నిటినీ ఒకే ప్రశ్నగా పట్టుకొని, రేటు వెనక ఉన్న బలాబలాలను వెతికేది రాజకీయ అర్థశాస్త్రం. అందువల్ల చరిత్ర చదివిన మనిషి ఇక్కడికి రావడంలో వింతేమీ లేదు.

పేరు సంగతి కూడా చెప్పాలి. ఆడమ్ స్మిత్ గ్లాస్గోలో బోధించింది నైతిక తత్వశాస్త్రం; పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా ఈ విద్యను రాజకీయ అర్థశాస్త్రమనే పిలిచేవారు. 1890లో ఆల్ఫ్రెడ్ మార్షల్ తన గ్రంథానికి పెట్టిన పేరుతో 'ఎకనామిక్స్' అన్న పొట్టిమాట స్థిరపడింది. పేరుతోపాటు రాజ్యం, చట్టం, పెత్తనం కూడా మెల్లగా పక్కకు జరిగాయి. ఇప్పుడు ఎవరైనా తమను రాజకీయ అర్థశాస్త్ర పరిశోధకులమని చెప్పుకుంటే, ఆ జరిగినవాటిని మళ్ళీ మధ్యలోకి తెచ్చుకుంటున్నామని అర్థం.

పనినీ కూలినీ చదివిన పెద్దల జాతకాలు తిరగేస్తే ఒకే రకం పట్టా కనిపించదు. జర్మనీలో ఎల్బే నదికి తూర్పున ఉన్న వ్యవసాయ కూలీల మీద 1892లో పెద్ద అధ్యయనం వెలువరించిన మాక్స్ వెబర్ డాక్టరేటు న్యాయశాస్త్రంలో. ఆ తరువాత రెండేళ్ళకే ఫ్రైబర్గ్‌లో అర్థశాస్త్ర ఆచార్యుడయ్యాడు. ఈనాడు మనం తేలికగా వాడే 'అసంఘటిత రంగం' వంటి మాటల వెనక ఉన్న భావనను 1970ల మొదట్లో ఘనా రాజధాని అక్రాలోని వలసకూలీల జీవితం నుంచి తీసి చూపిన కీత్ హార్ట్ మానవశాస్త్రవేత్త. అమెరికా ఆడవారి ఉద్యోగ చరిత్రను రెండువందల ఏళ్ళ వెనక్కి తవ్వి 2023లో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్, సూక్ష్మజీవశాస్త్రం చదవాలని కార్నెల్‌లో చేరి అర్థశాస్త్రానికి మళ్ళారు. షికాగోలో 1972లో పిహెచ్.డి. పూర్తిచేశారు. గమనించండి, వీరెవ్వరూ తమకు రానిదాన్ని రాదని వదిలేసినవారు కారు. న్యాయశాస్త్రం చదివిన వెబర్ కూలిరేట్ల లెక్కలు వేశాడు, లెక్కలు తెలిసిన గోల్డిన్ పాత దస్తావేజులు తిరగేశారు.

ఇక మన దేశంలో పద్ధతి. రాజకీయ అర్థశాస్త్రమన్న పేరుతో పిహెచ్.డి. పట్టా మన దగ్గర అరుదు. పట్టా మీద అర్థశాస్త్రమనో, డెవలప్‌మెంట్ స్టడీస్ అనో ఉంటుంది. చేసే పని మాత్రం ఇదే. ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం, ముంబయిలో 1936 నుంచి ఉన్న టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, తిరువనంతపురంలో కె.ఎన్. రాజ్ 1970లో నెలకొల్పిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఇందుకు పేరున్న చోట్లు. మనకు దగ్గరలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయమూ, బేగంపేటలోని సెస్ అనే ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రమూ ఉన్నాయి. పీజీలో సాధారణంగా 55 శాతం మార్కులు ఉండాలి, రిజర్వుడు వర్గాలకు సడలింపు ఉంటుంది. 2024 జూన్ నుంచి యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష ఫలితాన్నే పిహెచ్.డి. ప్రవేశానికి కూడా వాడుతున్నారు. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ రానివారికి నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ ఇస్తారు. చాలామందికి తెలియని విషయం ఒకటుంది: నెట్‌లో అర్థశాస్త్రమే కాక, కార్మిక సంక్షేమం, పారిశ్రామిక సంబంధాలు కలిసిన మరొక సబ్జెక్టు కూడా ఉంది. మీరు పీజీలో ఏది తీసుకుంటారన్నదాన్ని బట్టి నెట్ సబ్జెక్టు తేలుతుంది కనుక, ఆ ఎంపికను చివరి నిమిషానికి వదలకండి. మీరు బి.ఎ. చివర్లో ఉన్నారు. నా మాట అడిగితే ఎం.ఎ. అర్థశాస్త్రంలో చేరి, అందులో గణాంకశాస్త్రాన్నీ, దాన్ని అర్థశాస్త్ర డేటాకు వర్తింపజేసే ఎకనామెట్రిక్స్‌నూ తప్పించుకోకుండా చదవండి. చరిత్ర, చట్టం సొంతంగా చదువుకోవచ్చు. లెక్క మాత్రం ఒంటరిగా పట్టుబడడం కష్టం.

ప్రశ్న: బి.టెక్. చేసి నాలుగేళ్ళుగా డేటా అనలిస్టుగా పనిచేస్తున్నాను. నిరుద్యోగం మీద పత్రికల్లో వచ్చే అంకెలు ఒకదానికొకటి పొసగకపోవడం చూసి ఈ విషయం మీద ఆసక్తి కలిగింది. డేటా పని నాకు బాగా వచ్చు. అర్థశాస్త్రం మళ్ళీ మొదటి నుంచి చదవాలా, నేరుగా పిహెచ్.డి.లో చేరవచ్చా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిబంధన ప్రకారం చేరవచ్చు. 2022 యూజీసీ నిబంధనల్లో, నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం మార్కులున్నవారికి పిహెచ్.డి. అర్హత కల్పించారు. అయినా చేరమని నేను చెప్పను. ఎందుకో మీ ఉత్తరంలోని అంకెల సంగతితోనే వివరిస్తాను.

కేంద్ర గణాంక శాఖ 2017 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన, ఉపాధినీ నిరుద్యోగాన్నీ కొలిచే పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వే ముడి డేటాను ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు. ఆర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మీరు ఒక్క సాయంత్రంలో దాన్ని తెరిచి, మల్టిప్లయర్లు, అంటే సర్వే చేసిన ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్ళకు లెక్కో చెప్పే గుణకాలు, సరిగా వేసి, పట్టికలు తీయగలరు. అర్థశాస్త్రం చదివిన ఎందరో ఆ మల్టిప్లయర్ల దగ్గరే తప్పటడుగు వేస్తారు కనుక ఇది చిన్న ఆస్తి కాదు. అయితే ఆ ఫైలులో 'పనిచేస్తున్నారు' అని ఉన్న గడి వెనక అర్ధశతాబ్దపు వాదన ఉంది. పాశ్చాత్య దేశాల్లోలాగా ఉద్యోగం ఉన్నవారు, లేనివారు అని రెండు గీతల్లో జనాన్ని నిలబెట్టడం మన దేశంలో కుదరదని, సొంత పొలంలో కొన్నాళ్ళు, కూలికి కొన్నాళ్ళు, ఖాళీగా కొన్నాళ్ళు ఉండే మనిషిని ఒక్క అంకెలో ఇరికించలేమని నిరుద్యోగ అంచనాలను పరిశీలించిన దంత్వాలా కమిటీ 1970లో చెప్పింది. ఆ సలహా ప్రకారం 1972–73లో జరిగిన జాతీయ నమూనా సర్వే 27వ రౌండు నుంచి ఏడాది మొత్తం మీద ఒక లెక్క, వారం మీద ఒక లెక్క, రోజుల మీద ఒక లెక్క తీయడం మొదలైంది. వారపు లెక్కలో ఆ ఏడు రోజుల్లో ఒక్క గంట పనిచేసినా పనివారే. ఏడాది లెక్కలో ప్రధానంగా పనిలేనివారు కూడా ముప్పై రోజులు ఏదైనా పనిచేసి ఉంటే అనుబంధ హోదాలో పనివారవుతారు. ఒకే ఇంట్లో ఒకే ఇల్లాలు ఒక లెక్కలో కార్మికురాలు, ఇంకో లెక్కలో కాదు. అంకెలు పొసగడం లేదని మీరన్నది చాలాచోట్ల ఇదే.

ఇంకొంచెం ముందుకు పోదాం. పదిహేనేళ్ళు దాటిన ఆడవారిలో పనిలో ఉన్నవారూ పని వెతుకుతున్నవారూ కలిసి, ఏడాది లెక్కన, 2017–18లో 23.3 శాతం, 2023–24కు అది 41.7 శాతమైంది. అనలిస్టు ఈ పెరుగుదలను గీత గీసి చూపుతాడు. రాజకీయ అర్థశాస్త్రం చదివినవారు ఆ గీత దగ్గర కూర్చుని, ఇది జీతం ఇచ్చే ఉద్యోగాల్లో వచ్చిందా, స్వయంఉపాధిలో వచ్చిందా అని అడుగుతారు. పెరుగుదలలో పెద్దభాగం పల్లెల్లో, అదీ ఇంటి పొలం, ఇంటి కొట్టు మీద చేసే స్వయంఉపాధిలో ఉందని తేలాక, జీతం లేకుండా సాయం చేసేవారిని లెక్కించడం మెరుగుపడిందా, ఇంటి ఆదాయం చాలక ఆడవారు పనిలోకి దిగారా, నిజంగా కొత్త అవకాశాలు వచ్చాయా అని వాదన మొదలవుతుంది. ఆ వాదన ఇంకా తెగలేదు. ఎం.ఎ.లో రెండేళ్ళు కూర్చుంటే మీకు పట్టుబడేది ఆ వాదన చేసే తీరు.

సిద్ధాంతం అక్కరకొచ్చే చోటు ఒకటి చెబుతాను. 1992 ఏప్రిల్ 1న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. అర్థశాస్త్రవేత్తలు డేవిడ్ కార్డ్, ఆలన్ క్రూగర్ రెండువైపులా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పెంపుకు ముందూ తరువాతా వాకబు చేసి, న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గలేదని 1994లో ప్రకటించారు. జీతం పెంచితే పనివారిని తగ్గిస్తారన్న పుస్తకం మాటకు ఇది ఎదురుదెబ్బ. లెక్క వేసిన పద్ధతి మీకు అరగంటలో అర్థమవుతుంది. కాని ఉద్యోగాలు ఎందుకు తగ్గలేదో అర్థం కావాలంటే, కూలీలు ఎందరున్నా పని ఇచ్చేవారు కొద్దిమందే ఉన్నప్పుడు కూలి ఎలా అణగిపోతుందో 1933లోనే రాసిన అర్థశాస్త్రవేత్త జోన్ రాబిన్సన్ దగ్గరికి వెళ్ళాలి. అలాంటి బజారుకు ఆమె వాడిన 'మోనోప్సనీ' అన్న మాటను కూర్చడానికి సాయపడింది కేంబ్రిడ్జిలోని ఒక గ్రీకు, లాటిన్ పండితుడట. శాస్త్రాల మధ్య గోడలు అప్పటికి అంత ఎత్తు లేవన్నమాట.

వయసు లెక్క కూడా వేసుకోండి. జేఆర్‌ఎఫ్‌కు గరిష్ఠ వయోపరిమితి 30 ఏళ్ళు; మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు ఐదేళ్ళ సడలింపు ఉంది. ఇప్పుడే ఎం.ఎ.లో చేరితే మీకు రెండు, మూడు ప్రయత్నాలకు వ్యవధి ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఎ. అర్థశాస్త్రం పూర్తిచేసి, రాజకీయ అర్థశాస్త్రంలో పరిశోధన చేస్తానంటోంది. రాజకీయాలతో ముడిపడిన చదువు ఆడపిల్లకు ఎందుకని మా సందేహం. ఆ ఐదారేళ్ళు తిండికి ఏమిటి, తరువాత ఉద్యోగం ఏమిటి? – ఒక తండ్రి, భీమవరం

జవాబు: ఈ రాజకీయం ఎన్నికల రాజకీయం కాదు. జీతం ఎంత, సెలవు ఎన్ని రోజులు, పని గంటలు ఎన్ని అన్నవి ఎవరి మాట చెల్లితే ఎలా మారతాయో పరిశీలించడం. మన వి.వి. గిరి గారు ఐర్లండ్‌లో న్యాయశాస్త్రం చదువుకొని, రైల్వే కార్మికుల సంఘాల్లో పనిచేసి, కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక, బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో రాజీనామా చేశారు. కార్మిక విషయాల మీద పరిశోధన జరిపే నోయిడాలోని జాతీయ సంస్థకు ఆయన పేరే పెట్టారు. మీ అమ్మాయి చదవబోయేది ఆ తీర్పు వంటి వాటి గురించి. అది ఆడపిల్ల చదవకూడనిది ఎందుకవుతుందో నాకు తెలియడం లేదు. కూలి తక్కువ పడేది ఆడవారికే కనుక, వారే ఎక్కువగా చదవాలంటాను.

తిండి సంగతి మాత్రం మీరు అడగవలసిందే. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత 42,000 రూపాయలు, వీటిపై ఇంటి అద్దె భత్యం ఉంటాయి. అది రాకపోతే కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెలకు 8,000 రూపాయల ఫెలోషిప్ ఉంది. దానితో హాస్టల్లో బతకడం కూడా కష్టమే. ఫెలోషిప్ చేతిలో పడకుండా చేరవద్దని అమ్మాయికి చెప్పండి. ఈ ఒక్క విషయంలో నేను మీ పక్షం. ఉద్యోగాల్లో విశ్వవిద్యాలయపు శాశ్వత పోస్టులు కొద్ది, నియామకాలు నెమ్మది. పరిశోధన సంస్థలు, అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రాజెక్టులు, స్వచ్ఛంద సంస్థలు పని ఇస్తాయి గాని అవి చాలావరకు కాలపరిమితి ఉన్నవే. పీజీ అర్థశాస్త్రం ఉంది కనుక, ముప్పై ఏళ్ళలోపు అయితే యూపీఎస్సీ జరిపే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష కూడా రాయవచ్చు. ఆ పరీక్షకు చదివింది పరిశోధనకూ అక్కరకొస్తుంది.

ప్రశ్న: జర్మనీలో మేనేజ్‌మెంట్ మాస్టర్స్ చేస్తున్నాను. ఇక్కడి గిడ్డంగుల్లో, డెలివరీ పనుల్లో మనవాళ్ళను చాలామందిని చూశాక, వలస విద్యార్థుల పార్ట్‌టైమ్ పని మీద డాక్టరేటు చేయాలనిపిస్తోంది. మేనేజ్‌మెంట్ చదివినవారికి అవకాశం ఉంటుందా? ఇంగ్లండ్, అమెరికాలకు వెళ్ళడం మేలా? – ఒక విద్యార్థి, కొలోన్

జవాబు: మీరున్న ఊళ్ళోనే మాక్స్ ప్లాంక్ సొసైటీకి చెందిన సమాజాల అధ్యయన సంస్థ ఉంది. 1985 నుంచి నడుస్తున్న ఆ సంస్థ యూరప్‌లో రాజకీయ అర్థశాస్త్రానికి ముఖ్యమైన కేంద్రాల్లో ఒకటి. అక్కడి డాక్టరల్ పరిశోధకులు రాజనీతి శాస్త్రం, సామాజిక శాస్త్రం, అర్థశాస్త్రం వంటి నేపథ్యాల నుంచి వస్తారు. మేనేజ్‌మెంట్ పట్టా వల్ల తలుపు పూర్తిగా మూసుకోదు. అయితే మీ మాస్టర్స్ థీసిస్ దాన్ని తెరిచే తాళంచెవి కావాలి. థీసిస్ ఇంకా మొదలు కాకపోతే, నియామక విధానాలూ పనితీరు కొలమానాలూ వదిలేసి, జర్మనీ కనీస వేతనం వైపు తిరగండి. 2015 జనవరి 1న గంటకు 8.50 యూరోలతో మొదలైన ఆ చట్టం అంతకుముందు లేనేలేదు. రంగాలవారీగా సంఘాలూ యజమానులూ కూర్చుని జీతాలు తేల్చుకునేవారు. ఆ ఏర్పాటు ఎక్కడ బలహీనపడి చట్టం అవసరమైందో, ఆ బలహీనపడిన చోట్లలోనే మన విద్యార్థులకు పని ఎందుకు దొరుకుతోందో చూస్తే మీ ప్రశ్నకు దేశం మొత్తంతో సంబంధం కుదురుతుంది. న్యూరెంబర్గ్‌లోని ఉపాధి పరిశోధన సంస్థ డేటా అందుకు ఉపకరిస్తుంది. జర్మన్ భాషను మాత్రం ఇప్పుడే గట్టిగా పట్టుకోండి. గిడ్డంగి సూపర్‌వైజరూ కార్మిక మండలి సభ్యుడూ మీతో ఇంగ్లిషులో మనసు విప్పరు.

జర్మనీలో డాక్టరేటు చాలాచోట్ల పాక్షిక ఉద్యోగం వంటిది, జీతం వస్తుంది. ఇంగ్లండ్‌లో మూడు, నాలుగేళ్ళలో ముగుస్తుంది గాని, మొదటి రోజు నుంచే మీ ప్రతిపాదన గట్టిగా ఉండాలి. లండన్‌లోని సోయస్ విశ్వవిద్యాలయం ఈ విషయానికి పేరున్నది. అమెరికాలో ఐదారేళ్ళు పడుతుంది, మొదటి రెండేళ్ళు క్లాసులే. అక్కడి అర్థశాస్త్ర శాఖలు గణితాన్ని గట్టిగా అడుగుతాయి. ఆమ్‌హర్స్ట్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, న్యూయార్క్‌లోని న్యూ స్కూల్ రాజకీయ అర్థశాస్త్రానికి చోటిచ్చినవి. గణితం చాలదని లాస్ ఏంజెలెస్‌లో అర్థశాస్త్ర పిహెచ్.డి.కి నిరాకరించగా, అక్కడే రాజనీతి శాస్త్రంలో 1965లో డాక్టరేటు చేసిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. ఈ కథ విని గణితం మానేసినవారిని చూశాను కనుక, చెబుతూనే జంకుతున్నాను. ఇక భారత ప్రభుత్వ జాతీయ విదేశీ ఉపకార వేతనం మీద ఆశ పెట్టుకున్నవారు ఆ యేటి మార్గదర్శకాలను అక్షరం అక్షరం చదవాలి. భారత సమాజం మీద చేసే పరిశోధనాంశాలను 2022లో దాని పరిధి నుంచి తొలగించారు.

ప్రశ్న: మా అమ్మ బీడీలు చుడుతుంది. డిగ్రీ దాకా నేనూ చుట్టాను. ఎం.ఎ. అర్థశాస్త్రం చేసి, బీడీ పని మీద పిహెచ్.డి. చేయాలని ఒక ఇంటర్వ్యూకు వెళితే, సొంత ఇంటి సంగతి పరిశోధన కాదని, నిష్పాక్షికత ఉండదని ఒకరు అన్నారు. నా నేపథ్యం అడ్డమా? – ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: ఈ ఉత్తరానికి జవాబు రాయాలనే మిగిలిన నాలుగింటినీ ఒక దగ్గర చేర్చాను. విద్యా నేపథ్యం అనే మాటలో మీరు పదేళ్ళు చాట ముందు కూర్చున్న చదువు లెక్కలోకి రాదని ఆ పెద్దమనిషి అనుకున్నట్టుంది.

అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివినప్పటి కోర్సుల పట్టికలో అర్థశాస్త్రంవి 29, చరిత్రవి 11, సామాజిక శాస్త్రంవి 6 ఉన్నాయి. తత్వశాస్త్రం, మానవశాస్త్రం, రాజనీతి వేరు. అప్పుడు అక్కడ అర్థశాస్త్రం రాజనీతి విభాగపు గొడుగు కిందే ఉండేది. ఆయన డాక్టరేట్లు రాష్ట్రాల ఆర్థిక వ్యవహారాల మీద, రూపాయి మీద. అంత చదువుకున్న ఆ మనిషి 1936లో కులం గురించి రాస్తూ, అది పనుల విభజన మాత్రమే కాదు, పనిచేసేవారి విభజన కూడా అని తేల్చాడు. లేబర్ మార్కెట్ మీద ఇంతకంటే పదునైన మాట ఈ దేశంలో ఎవరూ చెప్పలేదని నా అభిప్రాయం. దాన్ని చూడగలగడానికి కొలంబియా చదువూ కావలసివచ్చింది, తాను పుట్టిన వాడా కావలసివచ్చింది. తరువాత 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూసింది ఆయనే.

మీ విషయంలో ఇంటి అనుభవం ఎక్కడ పనికొస్తుందో చూడండి. బీడీల కూలి వెయ్యికి ఇంత అని ఉంటుంది. ప్రభుత్వ ఉత్తర్వులో ఆ అంకె చదివి, మీ జిల్లాలో అమలవుతోందో లేదో ఎవరైనా పోల్చగలరు. కాని కార్ఖానా ఇచ్చిన ఆకు వెయ్యికి చాలకపోతే, మిగతా ఆకును అమ్మ తన డబ్బుతో కొన్న రోజులు మీకు తెలుసు. నాసిరకమని పక్కన పెట్టిన బీడీలకు కూలి కట్టని రోజులు తెలుసు. ఆమె చుట్టిన వెయ్యిలో మీరు చుట్టినవి, పక్కింటి పిల్ల చుట్టినవి ఎన్నో తెలుసు. చేతికి వచ్చిన కూలి నుంచి ఆకు ఖర్చు తీసివేసి, పట్టిన గంటలతో, కూర్చున్న మనుషులతో భాగిస్తే వచ్చే అంకె ఉత్తర్వులో ఉండదు. ఏ ప్రశ్న అడిగితే అది బయటపడుతుందో మీకు ముందే తెలుసు. బయటివారికి అది తెలియడానికి ఏడాది పడుతుంది.

అంతకన్నా పెద్ద ప్రశ్న ఒకటి ఆ చాటలోనే ఉంది. ఇంట్లో కూర్చుని, యజమాని ఇచ్చిన ఆకుతో, యజమాని చెప్పిన రేటుకు చుట్టే మనిషి ఎవరు? 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఆమెను ఇంటి దగ్గర పనిచేసినా ఉద్యోగిగానే చూసింది. సర్వే కాగితం మీద మాత్రం ఆమె సొంత ఖాతా పనివారిలో, అంటే స్వయంఉపాధి వారిలో, కలిసిపోయే అవకాశం ఉంది. ఇటువంటివారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటి దగ్గర చేసే కూలిపనిపై ఒడంబడిక 177 తెచ్చింది. భారత్ దాన్ని ఆమోదించలేదు. పేరుకు స్వతంత్రులు, తీరుకు ఒకరి మీద ఆధారపడినవారు అయినవారికి 2018లో అంతర్జాతీయ గణాంకవేత్తలు ప్రత్యేక తరగతి ఏర్పరిచారు. ఈనాడు మోటార్‌సైకిల్ మీద తిండి పొట్లాలు మోసే కుర్రవాడిని 'భాగస్వామి' అంటున్నప్పుడు పుడుతున్న తగవు మీ అమ్మ తరానికి పాతదే. పీఎఫ్ నంబరు ఉందా లేదా అన్నదానిమీద తెలంగాణలో బీడీ కార్మికుల పింఛను ఆధారపడటం, బీడీల మీద వసూలై కార్మికుల సంక్షేమానికి వెళ్ళిన సెస్సు 2017లో జీఎస్టీతో రద్దు కావడం, ఇవన్నీ ఆమెను ఏ పేరుతో పిలుస్తారన్న ప్రశ్నకే చేరతాయి. ఇంటర్వ్యూలో మీరు బీడీ పరిశ్రమ సమస్యలు అని చెప్పి ఉంటే వారు పెదవి విరవడంలో కొంత న్యాయం ఉంది, ఎందుకంటే అది అంశం మాత్రమే. ఇంటి దగ్గర, ఇన్నిటికి ఇంత అనే పీస్‌రేటు మీద పనిచేసేవారిని చట్టం ఒకలా, గణాంకం ఒకలా ఎందుకు గుర్తిస్తున్నాయి, ఆ తేడా ఎవరికి లాభం అన్నది ప్రశ్న.

నిష్పాక్షికత గురించి వారు అన్నదాన్ని మాత్రం తోసిపుచ్చకండి. మీ వాడలో మిమ్మల్ని అందరూ ఎరుగుదురు కనుక కొందరు దాస్తారు, కొందరు మీకు నచ్చేలా చెబుతారు. అందువల్ల మీ ఊరితోపాటు, మీకు చుట్టరికం లేని నిర్మల్ వైపో కామారెడ్డి వైపో ఇంకో ఊరు తీసుకోండి. కమీషన్ ఏజెంటునూ కార్ఖానా గుమాస్తానూ కూడా కలవండి. వారి లెక్క వారికి ఉంటుంది. మీ అమ్మ ఈ పని చేస్తుందని థీసిస్ మొదటి అధ్యాయంలోనే రాయండి. వచ్చే ఇంటర్వ్యూలోగా ఒక్క పని చేయండి: మీ అమ్మ దగ్గర బీడీలు అప్పజెప్పిన పాత పుస్తకాలు ఉంటే, తేదీలతో సహా ఒక పట్టికలోకి ఎక్కించి, ఎన్ని బీడీలు ఇచ్చింది, ఎన్నిటికి కూలి వచ్చింది, ఆ వారం ఆకు కొన్నదా లేదా అన్న మూడు వరుసలు పూర్తిచేసి, ఆ కాగితాన్ని వెంట తీసుకెళ్ళండి.